స్తంభం మీద ఇంకా ఎవురన్నా ఉండారా?

మొన్న ఆదివారం పొద్దున కింది పోర్షన్ నుంచి అత్త కేకేస్తే దిగినాను. హాల్లో టేబుల్ మీద మామ లాప్‌టాప్ పెట్టుండాది. మామ పోయి నాలుగు నెలలయింది. "దాంట్లో మీ మామ ఫొటోలు ఏమన్నా ఉంటే తీసియ్యప్పా, ప్రొద్దుటూరు నుంచి పాప అడుగుతాంది" అని చెప్పి అత్త వంటింట్లోకి పోయింది.

మూత తీసి ఆన్ చేసినాను. ఫొటోలకంటే ముందు ఒక నీలం పెట్టె వచ్చి నిలబడింది. అప్‌డేట్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే చేయాలా తర్వాత చేయాలా అని అడుగుతాంది. నా వేలు మీట మీదికి పోయి ఆగిపోయింది. వంటింటి తట్టు తిరిగి గట్టిగా అడిగినాను.

"అత్తా, ఎల్‌సీ ఇస్తాండావా?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. జవాబు వచ్చింది. "ఇచ్చినా. నీ పేరు మీదనే ఇచ్చినా. పని అయినాక నువ్వే వచ్చి చెప్పల్ల."

తెలియనోళ్ళు వింటే మా ఇద్దరికీ పిచ్చి పట్టిందనుకుంటారు. నిజంగా పిచ్చే. పట్టించింది మామ.

మామ అంటే వరసకు మామ కాదు. మైదుకూరులో మా ఇంటి ఓనరు, కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మేన్‌గా చేసి రిటైరైన మనిషి. నాది ఓర్వకల్లు పక్కన పల్లె. నా భార్యకు ఈ ఊరి సర్కారు బళ్ళో టీచరు పోస్టింగు వచ్చింది కాబట్టి నేనూ నా కంప్యూటర్లూ ఆమె వెనకాల వచ్చి ఈ మేడ మీద పడినాము. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే, నా పేరు వాడుకునేదానికి నీకు ఎల్‌సీ ఎవురిచ్చినారప్పా అని అడుగుతాడు. సచ్చిపోయినాడు కాబట్టి అడగడని మీరనుకుంటారు. ఆయన సంగతి మీకు తెలీదు.

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైన్‌మేను స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి తన పేరు చెప్పి ఎల్‌సీ అడుగుతాడు. ఆపరేటరు ఆ లైన్‌లో కరెంటు ఆపి, రిజిస్టర్లో పేరూ టైమూ రాసుకుంటాడు. పని అయినాక ఆ లైన్‌మేనే మళ్ళీ ఫోన్ చేసి ఎల్‌సీ వాపసు ఇయ్యల్ల. ఇంకెవురు చెప్పినా, కలెక్టరు చెప్పినా, లైన్ ఛార్జ్ చేయకూడదు, అంటే మళ్ళీ కరెంటు వదలకూడదు. ఎవురి పేరుంటే వాళ్ళ నోటే రావల్ల. ఉండేది ఇంతే. దీన్ని మామ ముప్పై ఏండ్లు స్తంభాల మీద పాటించి, రిటైరైనాక ఇంట్లో పెట్టినాడు.

అత్త మిక్సీలో చెయ్యిపెట్టి చట్నీ తీయాలంటే ముందు ఎల్‌సీ. మామ గీజరు వైరు చూడాలంటే ఎల్‌సీ. ఒకసారి బోరు మోటారు దగ్గర ఎల్‌సీ తీసుకోని, వాపసు ఇయ్యడం మరిచిపోయి కడపకు పెండ్లికి పోయినాడు. పైన నేను తలకు సోపు పెట్టుకోనుండాను, ట్యాంకులో చుక్క లేదు. మోటారు వెయ్యి అత్తా అని మేడ మీద నుంచి బతిమాలుకుంటే ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకోని "ఎల్‌సీ ఆయన పేరు మీద ఉండాదప్పా, నేనెట్ల వేస్తా" అనింది. మామకు ఫోన్ చేసినాము. పెండ్లి మేళాల మధ్యలోంచి ఆయన తన పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా చెప్పి, టైము చెప్పి, ఎల్‌సీ వాపసు ఇచ్చినాడు. అంతవరకూ నేను సోపు కళ్ళతోనే నిలబడి ఉండాను.

నా ఉద్యోగం ఏందో ఆయనకు చెప్పడానికి నాకు నెల పట్టింది. లాప్‌టాప్ ఆన్ చేసినాక కనపడే బొమ్మలకంటే ముందు, లోపల ఒక చిన్న ప్రోగ్రాం నిద్ర లేస్తాది మామా, అది లేచి మిగతా అన్నిటినీ లేపుతాది, దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు, దాంట్లో మార్పులు చేసి మామూలు అప్‌డేట్లతో కలిపి జనాల మిషన్లకు పంపుతారు, పంపేముందు అది సరిగ్గా పనిచేస్తాందా లేదా అని చూసేది నా పని. ఆయన అంతా విని తల ఊపినాడు.

"పంపొచ్చు అని సంతకం పెట్టేది ఎవురు?"

"ఒకరని కాదు మామా. టీమ్."

"టీముకు షాక్ కొట్టదు గదప్పా. మనిషి పేరు చెప్పు."

"అట్ల పేర్లుండవు మామా. సాఫ్ట్‌వేర్‌లో నూటికి నూరు ఎవరూ గ్యారంటీ ఇయ్యలేరు. ఏదో ఒకటి యాడనో తప్పుతాది, మళ్ళీ సరిచేసి పంపుతారు."

"మా దాంట్లోనూ గ్యారంటీ లేదు. అందుకే రిజిస్టరు పెట్టినారు" అన్నాడు. ఈ వాదన మా మధ్య రెండేండ్లు నడిచింది. నేను పెద్ద పెద్ద మాటలు చెప్పేవాణ్ణి. ఆయన చివరికి వచ్చి ఆ పేరు దగ్గరే కూర్చునేవాడు. మేడెక్కినాక నేను నా భార్యతో, ఈయనకు ఈ కాలం అర్థం కాదులే అనేవాణ్ణి. ఆమె నోట్‌బుక్కులు దిద్దుకుంటా, "నీ పేరు చెప్పేదానికేం నొప్పి?" అనేది.

ఆయన లాప్‌టాప్ ప్రొద్దుటూరులో ఉండే కూతురు ఇప్పించింది. ఎవరో వాడి వదిలేసిన పాతది. బ్యాటరీ ఎప్పుడో సచ్చింది, వైరు పీకితే ఆరిపోతాది. దాంట్లో ఆయన ఒకే ఒక్క పని చేసేవాడు. తను ఎక్కిన ప్రతి స్తంభాన్నీ గుర్తు తెచ్చుకోని ఒక లిస్టు రాసేవాడు. కుడిచేతి చూపుడు వేలొక్కటే టైపు చేసేది, మిగతా తొమ్మిది వేళ్ళూ చూస్తా కూర్చునేవి. కొత్తగా వచ్చే లైన్‌మేన్లకు పనికొస్తాదని ఆయన ఆశ. లిస్టులో నాలుగు గడులు. స్తంభం నెంబరు, యాడ ఉండాది, కుక్క ఉండాదా లేదా, రిమార్కు.

రిమార్కులు నేను దొంగతనంగా చదివేవాణ్ణి. "నల్లరేగడి. వానొస్తే బండి రాదు, మీరూ రారు." "తేనెపట్టు ఉండాది. ఎండాకాలం ముట్టొద్దు." "ఈ ఇంటామె మజ్జిగ ఇస్తాది. బాగుందని చెప్పొద్దు, రెండో గ్లాసు ఇస్తాది." ఒక స్తంభానికి కుక్క గడిలో ఉండాది అని రాసి, రిమార్కులో "కుక్క మంచిది. యజమాని కరుస్తాడు" అని పెట్టినాడు. ఆ యజమాని నాకు తెలుసు. నిజమే.

ఇంక నా ఘనకార్యం చెప్తా.

ఒకసారి ఒక అప్‌డేట్‌ను నేను పన్నెండు మోడళ్ళ మీద చూడల్ల. పదకొండు చూసినాను. పన్నెండోది బాగా పాత మోడల్, బెంగళూరు ఆఫీసులో ఎవురో తీసుకోనిపోయి ఇంక తేలేదు. శుక్రవారం సాయంత్రం. బజారుకు పోదామని నా భార్య చెప్పులేసుకోని వాకిట్లో నిలబడింది. పోయినసారి పాసయింది గదా, ఈసారి మాత్రం ఎందుకు కాదు అనుకోని, పన్నెండో గడిలో కూడా టిక్కు పెట్టి మూత మూసినాను. పోయి వంకాయలు తెచ్చుకున్నాము.

ఆ తర్వాత వచ్చిన మంగళవారం మధ్యాన్నం మామ లాప్‌టాప్‌ను రెండు చేతుల్లో పెట్టుకోని మేడెక్కినాడు. "ఏమప్పా, పదకొండుకు అప్‌డేట్ అనింది. మీ అత్త ఎల్‌సీ ఇచ్చింది, నేను నొక్కినా. ఇది మళ్ళీ లేయలేదే" అన్నాడు. ఆన్ చేస్తే లోపల ఫ్యాను పిండిమర మాదిరి తిరుగుతాంది, తెర నల్లగా ఉండాది. తిరగేసి అడుగున మోడల్ నెంబరు చూసినాను. పన్నెండోది. నేను చూడకుండా పాస్ చేసిన మోడల్ రెండేండ్లుగా నా కాళ్ళ కింద, కింది పోర్షన్‌లో ఉండాది. మెట్లు దిగింటే సరిపోయేది.

"లిస్టు?" అన్నాడు మామ.

"లిస్టుకేం కాదులే మామా" అన్నాను. కాదని నాకే నమ్మకం లేదు. ఇంకొక కాపీ ఏమన్నా ఉందా అని అడిగితే తన నెత్తి చూపించినాడు. మళ్ళీ రాయాలంటే మళ్ళీ ముప్పై ఏండ్లు స్తంభాలెక్కల్ల గదప్పా అని నవ్వినాడు గానీ, ఆ నవ్వు సగంలోనే నిలిచిపోయింది.

"ఏమైందంటావ్?"

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తాది. "అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింటాది మామా" అన్నాను.

ఆయన మొహం చూడల్ల మీరు. లాప్‌టాప్ లేయలేదని చెప్తా వచ్చినప్పుడు కూడా అంత చిన్నబోలేదు. "కరెంటా?" అన్నాడు. "మా ఫీడర్లోనా?" ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి మా వీధికి కరెంటు తెచ్చే లైను. లాప్‌టాప్ ఎత్తుకోని దిగిపోయినాడు. పోయినాక నేను ఇంకో మంచి పని చేసినాను. ఇట్లాంటి ఫిర్యాదులు అక్కడక్కడా నాలుగైదు వచ్చినాయి, కారణం ఏందని మా టీమ్ లీడు అడిగితే, వాడుకునేవాళ్ళ దగ్గర పవర్ సమస్య కావచ్చు అని రాసి పంపినాను. ఒకే అబద్ధం కింది మామకు ఒకసారి, పైన లీడుకు ఒకసారి.

మరుసటి రోజు నుంచి మామ విచారణ మొదలైంది. వీధి చివర పిండిమర ఆయన్ను అడిగినాడు, మంగళవారం పదకొండుకు మర ఆగిందా అని. ఆగలేదు. కుట్టుమిషనామెను అడిగినాడు. ఆమె ఆ టైముకు జాకెట్టుకు చేతులు కుడుతుండింది, రెండు చేతులూ పడినాయి, మిషను ఆగలేదు. ఎదురింట్లో సీరియల్ చూసే ముసలామె, ఆ పొద్దు కోడలు అత్తను ఇంట్లోంచి పంపించేసింది, మొత్తం చూసినా అని సాక్ష్యం చెప్పింది. అందరి మాటలూ ఆయన పాత డైరీలో టైముతో సహా రాసుకున్నాడు. రాసుకోని సాయంత్రం నాకు చదివి వినిపించేవాడు. నేను ఊ కొట్టేవాణ్ణి.

ఆదివారం భోజనానికి పిలిచినారు. ప్రతి ఆదివారం మామ ఊరి మధ్యలో ఉండే కోళ్ళంగళ్ళన్నీ దాటుకోని, తన టీవీఎస్ మీద బద్వేలు రోడ్డులో ఒకే ఒక్క అంగడికి పోయి కోడి తెచ్చేవాడు. ఆ కోడి ఉడికేసరికి గ్యాసు అయిపోతాదని అత్త ఏడుపు. "ఆడ తప్ప కోడి దొరకదా మీ మామకు? నమిలి నమిలి నా పండ్లు కదిలిపోయినాయి" అని వడ్డిస్తా సణుగుతాంటే మామ ఇంకో ముక్క వేయించుకునేవాడు. ఆ ఆదివారం నాకూ ముద్ద దిగలేదు, కోడి మీద నెపం పెట్టి లేచినాను.

సోమవారం పొద్దున్నే మామ వాకిట్లో టీవీఎస్ స్టార్ట్ చేసి, "ఎక్కప్పా, సబ్‌స్టేషన్‌కు పోయొద్దాం" అన్నాడు. నాకు మీటింగుండాది అన్నాను. "నాకూ ఉండాది, ఎక్కు" అన్నాడు.

సబ్‌స్టేషన్‌లో డ్యూటీ ఆపరేటరు మస్తాను, మామకు ఇరవై ఏండ్ల స్నేహితుడు. కుర్చీలేసి, టీ తెప్పించి, లాగ్‌బుక్కు తీసి మా ముందర పెట్టినాడు. ఫీడరు ఎప్పుడు ట్రిప్పయి కరెంటు ఆగింది, ఎవరు ఎల్‌సీ తీసుకున్నారు, ఎప్పుడు వాపసు ఇచ్చినారు, అంతా దాంట్లో ఉంటాది. మామ వేలు తడి చేసుకోని మంగళవారం పేజీ తిప్పినాడు. పొద్దున ఆరు నుంచి మధ్యాన్నం రెండు వరకూ గంట గంటకూ ఆంపియర్లు రాసుండాయి. ఎక్కడా ఒక్క ట్రిప్పు లేదు.

"కరెంటు నిలబడే ఉండాది సామీ" అన్నాడు మస్తాను. "ఆ వారంలో బాగుండింది ఆ ఒక్క దినమే. దాని మీదనే పెట్టినారు మీరు."

మామ బుక్కు మూసినాడు. నా తట్టు తిరిగి, గొంతు పెంచకుండా అడిగినాడు.

"రెండోసారి అడుగుతాండా. ఏమైందప్పా?"

బయట ట్రాన్స్‌ఫార్మరు గీ అని మోగుతాంది. నేను గ్లాసు కింద పెట్టి చెప్పేసినాను. పన్నెండో మోడల్ చూడలేదు మామా. చూడకుండానే టిక్కు పెట్టినాను. నేనే. టీమ్ కాదు, నేను. మస్తాను లేచి కిటికీ దగ్గరికి పోయి, ఏమీ జరగని యార్డును శ్రద్ధగా చూస్తా నిలబడినాడు.

తిడతాడనుకున్నాను. లిస్టు గురించి అడుగుతాడనుకున్నాను. ఆయన ఇంకోటి అడిగినాడు.

"అది ఇంకా పోతాందా?"

"ఏంది మామా?"

"ఆ అప్‌డేటప్పా. ఇంకా జనాల ఇండ్లలోకి పోతాందా, ఆపినారా?"

"పోతాంది."

మామ కుర్చీలోంచి లేచినాడు. "అయితే నాతో ఏం మాట్లాడతాండావు ఈడ కూర్చోని? స్తంభం మీద ఇంకా మనుషులుండారు. ఫోన్ చెయ్యి."

ఆ ఫోన్ సబ్‌స్టేషన్ కిటికీ పక్కనుంచే చేసినాను. మా లీడు విసుక్కున్నాడు. అది పవర్ సమస్య అని నువ్వే కదా రాసి పంపింది అన్నాడు. అది అబద్ధం, రిజిస్టర్ చూసినాను అన్నాను. ఏ రిజిస్టర్ అన్నాడు. మైదుకూరు సబ్‌స్టేషన్ రిజిస్టర్ అన్నాను. "నీకు ఒంట్లో బాగుందా?" అన్నాడు. అప్పుడు మామ చెప్పిచ్చినట్టే చెప్పినాను, నా పూర్తి పేరు, ఎంప్లాయీ నెంబరు, టైము చెప్పి, పన్నెండో మోడల్ నేను చూడలేదు, ఆ టిక్కు నాది, దాన్ని వాపసు తీసుకుంటాండా, ఇది ఆపండి అని. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆ సాయంత్రానికి అప్‌డేట్ ఆపినారు. నన్నూ రెండు నెలలు ఆపినారు, టెస్టింగ్ నుంచి తీసి, ఎవురూ చదవని పత్రాలు రాసే చోట కూర్చోబెట్టినారు.

వెనక్కి వచ్చేటప్పుడు మామ బండి ఇంటి తట్టు తిప్పకుండా బద్వేలు రోడ్డు పట్టించినాడు. సోమవారం కోడేంది మామా అన్నాను. ఆయన బండి వేగం పెంచినాడు. అంగడిలో అరవై ఏండ్ల మనిషి కుడిచేత్తో కోడిని తూకంలో పెడతాండాడు. ఎడమచెయ్యి మోచేతి కాడికే ఉండాది. మామను చూసి "ఏందప్పా, ఆదివారం ఇంకా రాలేదు గదా" అని నవ్వినాడు.

"ఊరికే వచ్చినాలే" అన్నాడు మామ. నాకు రోడ్డు మీదికి వచ్చినాక చెప్పినాడు, బండి పక్కన నిలబడి, టవల్‌తో మొహం తుడుచుకుంటా.

"కొత్తలో నేనూ వాడూ ఒకే లైన్ మీద పనిచేస్తాంటిమి. ఎల్‌సీ వాడి పేరు మీద ఉండాది. వాడు దిగినాడులే అనుకోని నేనే వాడి పేరుతో ఫోన్ చేసి, అందరూ దిగినారు, ఛార్జ్ చేయమని చెప్పినా. తల పైకెత్తి చూసింటే సరిపోయేది. ప్రాణం దక్కింది, చెయ్యి పోయింది. ఏమైందని ఆఫీసరు సార్లు అడిగితే, ఆపరేటరు తప్పు అన్నా. మూడు దినాలు అదే చెప్పినా. నాలుగో దినం మళ్ళీ అడిగినారు, అప్పుడు ఒప్పుకున్నా." టవల్ భుజం మీద వేసుకున్నాడు. "నీకు ఆరు దినాలు పట్టింది. సదువుకున్నోడివి గదా, కొంచెం ఎక్కువ పడతాది."

నవ్వాలో ఏడవాలో తెలియక బండెక్కినాను. ఆ కోడి ఎందుకంత గట్టిదో నేను ఇంతవరకూ అత్తకు చెప్పలేదు. ఆమెకు తెలుసేమో కూడా.

లాప్‌టాప్‌ను కర్నూలుకు తీసుకోనిపోయినాము, బస్సులో ఆయన దాన్ని తువ్వాలలో చుట్టి నా ఒళ్ళో పెట్టి, నువ్వే పట్టుకో, నీ పేరు మీదుండాది అన్నాడు. అక్కడ ఒక రిపేరు ఆయన లోపలి చిప్పు తీసి, పాత ఫర్మ్‌వేర్ మళ్ళీ రాసి పెట్టినాడు. తెర వెలిగింది. లిస్టు చెక్కుచెదరలేదు. మామ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నిలబడే చూసుకున్నాడు, కుక్కలన్నీ ఉండాయా అని. ఆ రాత్రికి నేనే ఇంకో రెండు కాపీలు చేసిపెట్టినాను. తర్వాత నన్ను మళ్ళీ టెస్టింగ్‌లోకి తీసుకున్నారు. ఇప్పుడు ప్రతి టిక్కు పక్కన నేను నా పేరు రాస్తా. ఎవురూ అడగలేదు. మా వాళ్ళు దాన్ని చూసి నవ్వుకుంటారు. ఈమధ్య ఇంకొకతను కూడా రాయడం మొదలుపెట్టినాడు.

మొన్న ఆదివారం అప్‌డేట్ అయినాక అత్తకు పేరు చెప్పి ఎల్‌సీ వాపసు ఇచ్చినాను. లాప్‌టాప్ మంచిగానే లేచింది. ఫొటోలు వెతికితే మూడే మూడు దొరికినాయి, మూడూ స్తంభాలవే. ఒకదాంట్లో మామ బొటనవేలు పడింది. లిస్టు తెరిచి కిందికి పోయినాను. నేను చదవని వరస ఒకటి చివరన ఉండాది. మా ఇంటి ముందర స్తంభం. నెంబరు ఉండాది, వీధి ఉండాది. కుక్క గడిలో, లేదు. రిమార్కు చదివి అట్లనే కూర్చుండిపోయినాను.

అత్త చెయ్యి తుడుచుకుంటా వచ్చి వెనకాల నిలబడింది. "ఏముందప్పా దాంట్లో, అట్ల చూస్తాండావు?"

"ఏం లేదత్తా. మన ఇంటి ముందర స్తంభం గురించి రాసినాడు."

"ఏం రాసినాడు?" అని మళ్ళీ అడిగింది.

రెండోసారి అడిగింది గదా. తెర ఆమె తట్టు తిప్పి చదివినాను.

"మేడ మీద సాఫ్ట్‌వేరు పిల్లోడు ఉండాడు. కరెంటు పోయిందని చెప్తాడు, నమ్మొద్దు, ఫీడరు చూసుకోండి. రెండోసారి అడిగితే నిజం చెప్తాడు. మంచోడే."